కలిసున్నారు సరే... కాగితం ఏదీ?

పెళ్లి తంతు లేకుండానో, పెళ్లో కాదో తేలని తంతుతోనో ఒకే కప్పు కింద కాపురం ఉంటున్నవాళ్లకు చట్టం ఏమిస్తుంది? ఎక్కడ చేతులెత్తేస్తుంది?

2005 నవంబరు. అమెరికా నుంచి తిరిగొచ్చి విడివిడిగా ఉంటున్న ఒక హైదరాబాద్ జంట కోర్టు మెట్లెక్కకుండా ఒప్పంద పత్రం రాసుకుంది. ఎవరి దారి వారిదని సంతకాలు పెట్టేసుకున్నారు. రెండు రోజులకే ఆమె ఇరుగింటాయన్ని పెళ్లాడింది. కొన్నాళ్లకే ఆ పెళ్లి చెల్లదంటూ అతనే కోర్టుకెళ్లి రద్దు చేయించుకున్నాడు. ఆ తీర్పు సిరా ఆరకముందే మళ్లీ ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. ఈసారి రిజిస్టరు కూడా చేయించాడు. 2008లో పాప పుట్టింది. ఆపైన గొడవలు మొదలయ్యాయి. మనోవర్తి ఇప్పించమని ఆమె కోర్టుకెళితే అతని తరఫు వాదన ఒక్కటే: మొదటి భర్తతో ఆమెకు కోర్టు విడాకులే కాలేదు, అలాంటప్పుడు తనకు భార్య ఎలా అవుతుంది?

ఫ్యామిలీ కోర్టు ఆమెకు నెలకు 3,500, పాపకు 5,000 రూపాయలు ఇమ్మంది. 2017లో హైకోర్టు పాపకు ఉంచి, తల్లికి తీసేసింది. చివరికి 2025 జనవరి 30న సుప్రీంకోర్టులో జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ ధర్మాసనం ఆ మొత్తాన్ని ఆమెకు తిరిగి ఇప్పించింది. మొదటి పెళ్లి సంగతి అతనికి ముందే తెలుసు. తెలిసే రెండుసార్లు పెళ్లాడాడు, కాపురం చేశాడు, బిడ్డను కన్నాడు. డబ్బివ్వాల్సిన రోజున మాత్రం ఆ పాత పెళ్లిని అడ్డం పెట్టుకుంటానంటే కుదరదని కోర్టు తేల్చింది. నెలకు 3,500 రూపాయల కోసం ఆమెకు పట్టిన కాలం పన్నెండేళ్ల పైమాటే.

ఆ ఒప్పంద పత్రం సంగతి శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట, జలుమూరు, పోలాకి, సారవకోట పక్క ఊళ్లవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. దస్తావేజులు రాసే ఎవరికైనా దాని నమూనా నోటికొచ్చిందే. వంద రూపాయల స్టాంపు కాగితం. మా ఇరువురి మధ్య మనస్పర్ధలు వచ్చి కాపురం చేయుటకు వీలుపడనందున అని మొదలవుతుంది. పెట్టిన బంగారం, సామాను ఎవరికి ఏది ముట్టిందో మధ్యలో ఒక పేరా. ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎట్టి హక్కులూ లేవు, ఎవరు మారుమనువు చేసుకున్నా రెండవవారికి అభ్యంతరం లేదు అని ముగింపు. కింద ఒక సంతకం, ఒక వేలిముద్ర, పక్కన పెద్దమనుషుల సాక్షి సంతకాలు. ఊరి లెక్కలో దాంతో పాత బంధం తెగిపోయినట్టే. కోర్టు లెక్క వేరు.

మారుమనువు ఈ నేలకు పాత ఆచారం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపిస్తే తెలుగుదేశమంతా గగ్గోలెత్తింది. అప్పటికి గంజాం జిల్లాలో ఉన్న శ్రీకాకుళం పల్లెల్లో సేద్యం, చేతివృత్తులు చేసుకునే కులాల ఆడవాళ్లు ఏ సంస్కర్త అండా లేకుండానే మళ్లీ మనువాడుతూ వచ్చారు. మొదటిసారి చేసినంత ఆర్భాటం దానికి ఉండదు. చీర పెడతారు, నలుగురికీ భోజనం పెడతారు, ఆమె అతని ఇంటికి నడుస్తుంది. అంతే. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చినప్పుడు కూడా ఆచారం ప్రకారం తీసుకునే విడాకులను 29వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ తుడిచిపెట్టలేదు.

మెలిక అక్కడే ఉంది. ఆచారం ఉందని నోటిమాటగా చెబితే చాలదు. తమ కులంలో అది తాతలనాటి నుంచీ తెగకుండా నడుస్తోందని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేయాలి. కేవలం ఒక పత్రం రాసుకున్నంత మాత్రాన విడాకులు అయిపోవని 2002లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి వంద రూపాయల కాగితాన్ని నమ్ముకుని రెండో ఇంటికి వెళ్లిన మనిషి చట్టం కళ్లకు పాత భర్త భార్యగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఆమె కొత్త కాపురాన్ని ఊరు మారుమనువంటుంది. వకీలు సహజీవనమంటాడు. సహజీవనం అనగానే హైటెక్ సిటీ అపార్టుమెంట్లు గుర్తొచ్చేవాళ్లు ఒక్కసారి ఈ పల్లెల వైపు చూడాలి.

అసలు పెళ్లికాని జంట కలిసుండటం నేరమా? ఈ ప్రశ్నకు 2010లో నటి ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు సూటిగా జవాబిచ్చింది. ఇష్టపడి కలిసుంటున్న ఇద్దరు మేజర్లు ఏ నేరమూ చేయడం లేదంది. నీతి వేరు, నేరం వేరు అని విడదీసింది. 2018లో కేరళ కేసులో ఇంకో అడుగు వేసింది: అబ్బాయికి పెళ్లీడు 21 నిండకపోయినా, 18 దాటిన ఇద్దరూ కలిసి బతకొచ్చు. నరసన్నపేటలో ఏ ప్రేమ జంటైనా పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే, వాళ్లను విడదీసి ఎవరింటికి వాళ్లను పంపించే అధికారం పోలీసులకు లేదన్నది దీనర్థం. పంపిస్తున్నారా లేదా అంటే, అది వేరే కథనం.

నేరం కాదన్నంత మాత్రాన హక్కులు వచ్చిపడవు. వాటి కోసం చట్టం రెండు దారులు చూపిస్తుంది.

మొదటిది చాలా పాతది. ఒక ఆడ, ఒక మగ ఏళ్ల తరబడి మొగుడూపెళ్లాల్లా బతికితే, వాళ్లకు పెళ్లయిందనే కోర్టు అనుకోవాలి. కాలేదన్నవాడే కాలేదని నిరూపించుకోవాలి. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1927లో సిలోను కేసులో ఈ మాట చెప్పింది. 1978లో బద్రీ ప్రసాద్ కేసులో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ దానికి మన గడ్డ మీద ప్రాణం పోశారు. యాభై ఏళ్లు కాపురం చేసిన జంటను పట్టుకుని, పెళ్లి చేసిన పురోహితుణ్ణి తీసుకురమ్మంటే ఎక్కడి నుంచి తెస్తారన్నది ఆయన ప్రశ్న. అయితే ఈ దారిలో ఒక గొయ్యి ఉంది. ఇద్దరిలో ఒకరికి అప్పటికే బతికున్న భర్తో భార్యో ఉన్నట్టు తేలితే ఈ ఊహ కుప్పకూలుతుంది.

రెండోది గృహహింస నిరోధక చట్టం. 2005లో చేసి, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో పెట్టారు. పెళ్లితో పాటు పెళ్లిలాంటి బంధాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న తొలి కేంద్ర చట్టం ఇదే. పెళ్లిలాంటిదంటే ఏమిటో పార్లమెంటు చెప్పలేదు. ఆ పని 2010లో కోయంబత్తూరు నుంచి వచ్చిన వేలుసామి కేసులో సుప్రీంకోర్టు చేసింది. నలుగురి కళ్లకూ మొగుడూపెళ్లాల్లా కనబడాలి. ఇద్దరికీ పెళ్లీడు వచ్చుండాలి. పెళ్లి చేసుకోవడానికి వేరే అడ్డంకి, ముఖ్యంగా బతికున్న మరో భార్యో భర్తో, ఉండకూడదు. ఇష్టపూర్వకంగా చెప్పుకోదగ్గ కాలం ఒకే ఇంట్లో ఉండాలి. వారాంతంలో వచ్చిపోయేది, ఒక రాత్రి గడిపేది దీని కిందికి రాదు.

ఆ తీర్పులో ఉంచుకున్నది అనే అర్థం వచ్చే ఇంగ్లిషు మాట ఒకటి దొర్లింది. అప్పటి అదనపు సొలిసిటర్ జనరల్ ఇందిరా జైసింగ్ కోర్టు హాల్లోనే లేచి దానికి అభ్యంతరం చెప్పారు. ఇరవై ఒకటో శతాబ్దంలో ఒక ఆడమనిషిని సుప్రీంకోర్టు అలా అనొచ్చా అని నిలదీశారు. ఆ నిలదీత న్యాయమైనదే. తన నాటకంలో వేశ్య అయిన మధురవాణికి అంత నోరిచ్చిన గురజాడ నడిచిన విజయనగరం ఇక్కడికి దగ్గరే. ఇప్పటికీ ఊళ్లో పంచాయితీ అయితే అదే మాట ముందు మగాళ్ల నోట, ఆ వెంటనే ఆడవాళ్ల నోట వినిపిస్తుంది.

తెలిసి తెలిసి పెళ్లయినవాడితో కాపురం చేసిన స్త్రీకి మాత్రం ఈ చట్టం అక్కరకు రాలేదు. బెంగళూరు ఇంద్రా శర్మ కేసు అదే. పద్దెనిమిదేళ్లు కలిసున్నారు. కింది కోర్టు నెలకు 18,000 రూపాయలు ఇమ్మంది. 2013 నవంబరులో సుప్రీంకోర్టు అది చెల్లదంది. అతనికి భార్యాబిడ్డలున్నారని ఆమెకు మొదటి నుంచీ తెలుసు కాబట్టి అది పెళ్లిలాంటి బంధం కిందికి రాదంది. అలా చెబుతూనే, ఇలాంటి స్త్రీలు, వాళ్లకు పుట్టిన పిల్లలు దిక్కులేనివాళ్లు కాకుండా చట్టం చేయాలని పార్లమెంటును కోరింది. ఇంతవరకూ ఆ చట్టం రాలేదు. వదిలేసిన మగవాడు ఈ తీర్పుతో ఒక్క రూపాయి పోగొట్టుకోకుండా బయటపడ్డాడన్నది మింగుడుపడని నిజం.

మోసపోయి, అంటే పాత పెళ్లి దాచిపెడితే నమ్మి వచ్చినవాళ్ల విషయంలో కోర్టులు మెత్తగానే ఉన్నాయి. 2009లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే సాక్ష్యం. కట్నం వేధింపుల కేసు పెట్టిన స్త్రీ తనకు భార్యే కాదని, తనకు ముందే వేరే పెళ్లయిందని నిందితుడు వాదించాడు. తన మోసాన్నే డాలుగా పెట్టుకున్నాడన్నమాట. సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. భర్తనని చెప్పుకుని కాపురం చేసినవాడు కేసు దగ్గర భర్త కాకుండా పోడంది.

ఇక రుజువుల సంగతి. వెయ్యి మంది భోజనాలు చేసిన పెళ్లికి ఆల్బమ్ ఉంటుంది. మారుమనువుకూ సహజీవనానికీ అదేమీ ఉండదు. కోర్టులో నిలబడేవి రోజువారీ కాగితాలే. ఇద్దరి పేర్లూ ఉన్న రైస్ కార్డు. ఆధార్‌లో అతని పేరుతో ఉన్న చిరునామా. పిల్లల బడి రిజిస్టరులో తండ్రి పేరు. పొదుపు సంఘం పుస్తకంలో భర్త పేరు దగ్గర రాసిన పేరు. కాన్పుకు ఆసుపత్రిలో చేర్చినప్పుడు పెట్టిన సంతకం. అద్దె రసీదు, ఓటర్ల జాబితా, ఫోన్లోని ఫొటోలు. సాక్షులుగా పక్కింటివాళ్లు. ఇల్లు వదిలి వచ్చేసేటప్పుడు ఆడవాళ్లు బంగారం తీసుకెళతారు గాని ఈ కాగితాలు గూట్లోనే వదిలేస్తారు. వకీళ్లు ముందు అడిగేది వాటినే.

రైస్ కార్డు అన్నాం కాబట్టి ఒక మాట. కొత్త కార్డుకో, పేరు చేర్పుకో పెళ్లి సర్టిఫికెట్టు తెమ్మని సచివాలయాల్లో జనాన్ని తిప్పుతున్నారని 2025లో గోల రేగింది. సర్టిఫికెట్టు గాని శుభలేఖ గాని అక్కర్లేదని పౌరసరఫరాల మంత్రి నాదెండ్ల మనోహర్ ప్రకటించారు. కట్టుకున్నవాళ్లకే ఇన్ని తిప్పలుంటే, కాగితం లేని కాపురాల సంగతి చెప్పేదేముంది!

కేసు ఎలా నడుస్తుంది? నరసన్నపేటలోనే కోర్టు ఉంది. గృహహింస చట్టం కింద ఆమె తలదాచుకుంటున్న ఊరి పరిధిలోని మేజిస్ట్రేటు దగ్గరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అతనుండే చెన్నైకో హైదరాబాద్‌కో పరుగెత్తక్కర్లేదు. పనుల కోసం వలసపోయే ఈ జిల్లాలో ఇది చిన్న వెసులుబాటేం కాదు. మూడు రోజుల్లో మొదటి విచారణ, అరవై రోజుల్లో ముగింపు అని చట్టంలో రాశారు. ఆ అరవై రోజుల గడువు ఎక్కువగా కాగితం మీదే ఉంటుంది. అయినా మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకునే వీలుంది. కలిసున్న ఇల్లు అతని పేరనే ఉన్నా, ఆమెను బయటికి గెంటకుండా 17వ సెక్షన్ అడ్డుపడుతుంది. ఇది ఆస్తి హక్కు కిందికి రాదు, నిలువ నీడ హక్కు. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా. వకీలును పెట్టుకోలేనివాళ్లకు శ్రీకాకుళంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఆడవాళ్లకు దీనికి ఆదాయ పరిమితి లేదు. ఫోన్ నంబరు 15100. కొట్టి తరిమేసిన రాత్రి అయితే మహిళా హెల్ప్‌లైన్ 181.

మనోవర్తికి ఇంకో దారి కూడా ఉంది. పాత సీఆర్‌పీసీ 125, 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 144. ఇక్కడ భార్య అన్న మాట దగ్గరే పేచీ అంతా. సహజీవనంలో ఉన్నామెకు అది దక్కకపోయినా గృహహింస చట్టం కింద దక్కుతుందని, ఆ మాటకొస్తే అక్కడే ఎక్కువ దక్కుతుందని 2018లో జార్ఖండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మగవాడికి మాత్రం ఈ రెండు దారుల్లోనూ అడిగే వీల్లేదు.

పిల్లల విషయంలో చట్టం పెద్దలకంటే దయగా ఉంది. పెళ్లి చెల్లకపోయినా పుట్టిన పిల్లలు న్యాయబద్ధమైనవాళ్లేనని హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ అంటుంది. తల్లిదండ్రుల సొంత ఆస్తిలో వాళ్లకు వాటా ఉంది. ఉమ్మడి ఆస్తి మాటేమిటని పన్నెండేళ్లు నలిగిన ప్రశ్నకు 2023 సెప్టెంబరు 1న రేవణసిద్దప్ప కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం జవాబు చెప్పింది. తండ్రి చనిపోయేనాటికి పంపకం జరిగిందనుకుంటే ఆయన వంతుకు ఎంత వస్తుందో, అందులో ఈ పిల్లలకూ భాగం ఉంటుంది. పెదనాన్న, చిన్నాన్నల వాటాల మీద మాత్రం చెయ్యి వేయలేరు. అసలు ఏ తంతూ జరగని సహజీవనంలో పుట్టినవాళ్లు 16వ సెక్షన్ నీడకు చేరాలంటే ముందు పెళ్లయినట్టు ఊహ నిలబడాలి. 2022 జూన్‌లో ఒక కేరళ కుటుంబం కేసులో అది నిలబడింది. దశాబ్దాలు కలిసున్న జంట కొడుక్కి కుటుంబ ఆస్తిలో వాటా వచ్చింది.

సీతంపేట ఏజెన్సీ ఎక్కితే లెక్క మళ్లీ మారుతుంది. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదని దాని 2వ సెక్షనే చెబుతోంది. సవరల్లో, జాతాపుల్లో పెళ్లంటే వాళ్ల ఆచారమే. పిల్లా పిల్లాడూ ఇష్టపడి ఒక ఇంట చేరడం, ఓలి తర్వాత ముట్టజెప్పడం, పెద్ద విందు చేతిలో డబ్బు ఆడినప్పుడు చేయడం అక్కడ వింత కాదు. దాన్ని సహజీవనమంటే వాళ్లు నవ్వుతారు. జార్ఖండ్‌లో విందు పెట్టలేక అలా ఉండిపోయిన జంటలను ఢుకు అంటారు. అక్కడ స్వచ్ఛంద సంస్థలు వాళ్లకు సామూహిక పెళ్లిళ్లు చేస్తున్నాయి. మనవాళ్లకు గుర్తుండాల్సింది ఒకటుంది. గృహహింస చట్టానికి కులం, మతం, తెగ పట్టింపు లేదు. కొండమీది ఆడబిడ్డకూ అది పనిచేస్తుంది.

ఈ మాటల్లో ఇంతవరకూ ఆడ, మగ జంటలే ఉన్నారు. అదే లింగానికి చెందిన ఇద్దరైతే? ఆ పోరాటానికి దేశంలో పేరు తెచ్చిన కేసు హైదరాబాద్‌దే. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో హైదరాబాద్ శివార్లలో బంధుమిత్రుల నడుమ పెళ్లి వేడుక జరుపుకున్నారు. మరుసటేడు ప్రత్యేక వివాహ చట్టం కింద తమకూ చోటివ్వాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 ఏప్రిల్, మే నెలల్లో పది రోజులు వాదనలు సాగాయి. అక్టోబరు 17న తీర్పొచ్చింది. పెళ్లి హక్కు లేదన్న దగ్గర ఐదుగురు జడ్జీలూ ఒక్కటే. పెళ్లి కాకపోయినా ఒక రకం పౌర బంధంగానైనా గుర్తించాలని సీజేఐ డి.వై.చంద్రచూడ్, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ అన్నారు. జస్టిస్ ఎస్.రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లి, తెలుగువారైన జస్టిస్ పి.ఎస్.నరసింహ ఒప్పుకోలేదు. అది పార్లమెంటు పని అన్నారు. మూడు, రెండు తేడాతో పౌర బంధం దక్కకుండా పోయింది. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లూ కొట్టేశారు.

చెయ్యి ఖాళీగా వచ్చారనుకోనక్కర్లేదు. ఆ తీర్పు ప్రకారం వేసిన కమిటీ పుణ్యమా అని 2024లో కేంద్రం కొన్ని ఉత్తర్వులిచ్చింది. ఇలాంటి జంటలను రేషన్ కార్డు కోసం ఒకే కుటుంబంగా లెక్కించాలని రాష్ట్రాలకు రాసింది. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని చెప్పింది. దగ్గరి బంధువులు రానప్పుడు సహచరుడి భౌతికకాయాన్ని తీసుకునే వీలు కల్పించమంది. అవన్నీ ఉత్తర్వులే. చట్టం బలం వాటికి లేదు.

2024 డిసెంబరులో మన హైకోర్టు ముందుకూ ఒక జంట వచ్చింది. విజయవాడలో కలిసుంటున్న ఇద్దరు యువతులు వాళ్లు. ఒకరిని తండ్రి బలవంతంగా నర్సీపట్నం తీసుకెళ్లి ఇంట్లో ఉంచేశారని రెండోవారు హెబియస్ కార్పస్ వేశారు. ఎవరితో బతకాలో తేల్చుకునే హక్కు మేజరైన ఆ అమ్మాయిదేనని జస్టిస్ ఆర్.రఘునందన్ రావు, జస్టిస్ కె.మహేశ్వరరావు ధర్మాసనం చెప్పింది. ఆరు నెలలకు, 2025 జూన్‌లో, పురుషుణ్ణి పెళ్లాడిన ట్రాన్స్ మహిళ కూడా వేధింపుల కేసు పెట్టొచ్చని జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప తీర్పిచ్చారు. పిల్లల్ని కనలేరు కాబట్టి ఆమె స్త్రీ కాదన్న వాదన నిలవలేదు. సాక్ష్యాలు చాలక ఆ కేసు మాత్రం కొట్టేశారు.

ఉత్తరాఖండ్ ఇంకో దారి పట్టింది. 2025 జనవరి 27 నుంచి అక్కడ ఉమ్మడి పౌరస్మృతి అమల్లో ఉంది. కలిసుండటం మొదలెట్టిన నెలలోపు నమోదు చేసుకోకపోతే మూడు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. పుట్టిన పిల్లలకు గుర్తింపు, వదిలేస్తే ఆడమనిషికి భరణం కూడా అందులో ఉన్నాయి. అవి మంచివే. మరి ఆ మంచి చేయడానికి జైలు భయం దేనికి? నమోదు చేసుకున్నవాళ్లకు హక్కులిస్తామంటే జనం వరస కడతారు. చేసుకోకపోతే బొక్కలో తోస్తామంటే దాక్కుంటారు. కులాంతర జంటలకు ఇంట్లోవాళ్ల కత్తులు ఒకవైపు, సర్కారు రిజిస్టరు ఒకవైపు అవుతుంది.

ఇష్టమున్నవాళ్లు నమోదు చేసుకునే పద్ధతి బయట చాలాకాలంగా నడుస్తోంది. 1989లో డెన్మార్క్ మొదలెట్టింది. 1999లో ఫ్రాన్స్ తెచ్చిన పాక్స్ ఒప్పందం ఉద్దేశం స్వలింగ జంటలకు దారి చూపడమే. ఇప్పుడు దాన్ని ఎక్కువగా వాడుకుంటున్నది ఆడ, మగ జంటలు. బ్రిటన్‌లో తంతు వద్దనుకున్న ఒక జంట సుప్రీంకోర్టు దాకా పోరాడి 2018లో గెలిచింది. 2019 చివరి రోజు నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో అందరికీ సివిల్ పార్టనర్‌షిప్ అందుబాటులోకి వచ్చింది. మెల్‌బోర్న్‌లోనో టొరంటోలోనో పిల్లలున్న మన జిల్లా తల్లిదండ్రులకు ఇది ఇంటి సంగతే. ఆస్ట్రేలియాలో డీ ఫాక్టో అంటూ మామూలుగా ఏడాది కలిసున్నట్టు చూపిస్తే పార్టనర్ వీసాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కెనడాలోనూ ఏడాదే. న్యూజిలాండ్‌లో మూడేళ్లు దాటితే ఇల్లూ సామానూ చెరిసగం. అమెరికా హెచ్-4 వీసా దగ్గర మాత్రం పెళ్లి సర్టిఫికెట్టు లేకుండా పని జరగదు. ఆషాఢమైనా ఆగకుండా ఇక్కడ హడావిడిగా జరిగే కొన్ని రిజిస్టరు పెళ్లిళ్ల వెనక ఉన్నది ఆ వీసా ఫారమే.

ఆ హడావిడి పెళ్లిళ్లకు ఒక హెచ్చరిక. తంతు జరపకుండా సర్టిఫికెట్టు ఒక్కటే తెచ్చుకుంటే హిందూ వివాహ చట్టం కింద అది పెళ్లే కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది. దండల పెళ్లిళ్ల కోసం తమిళనాడు 1967లోనే ప్రత్యేకంగా 7ఏ సెక్షన్ చేర్చుకుంది. మన దగ్గర దండలు మార్చుకునే కమ్యూనిస్టు, హేతువాద జంటలకు 1954 ప్రత్యేక వివాహ చట్టమే పదిలం. ముప్పై రోజుల నోటీసు భరించాలి.

గొడవ పడి విడిపోయినప్పుడు చట్టం ఎంతో కొంత ఆదుకుంటుంది. చావు వచ్చినప్పుడే అసలు చిక్కు. సహచరి అన్న మాట హిందూ వారసత్వ చట్టం పట్టికలో ఎక్కడా లేదు. అతనికి విడాకులు కాని మొదటి భార్య ఉంటే, ఇరవై ఏళ్లుగా ముఖం చూడకపోయినా, వారసురాలు ఆవిడే. చివరి రోజుల్లో మంచం దగ్గర ఉన్నామెకు వితంతు పింఛను కూడా కష్టమే. ఎన్టీఆర్ భరోసా కింద నెలకు వచ్చే 4,000 రూపాయలకు భర్త మరణ ధ్రువపత్రం పెట్టాలి. ఎవరి భర్త అన్న ప్రశ్న అక్కడే లేస్తుంది. సైన్యంలో పనిచేసినవాళ్లు ఎక్కువున్న జిల్లా ఇది. ఫ్యామిలీ పెన్షన్ చట్టబద్ధమైన భార్యకే వెళుతుంది.

చెన్నైలో కట్టడం పనిలో కూలి మనిషి పడిపోయాడనుకుందాం. పనిలో జరిగే ప్రమాదాలకు నష్టపరిహారమిచ్చే చట్టం విధవరాలికి పరిహారం ఇస్తుంది. పెళ్లి లేకుండా కలిసున్నామె ఆ జాబితాలో లేదు. పెళ్లి లేకుండా పుట్టిన మైనరు కొడుకు, పెళ్లికాని కూతురు మాత్రం ఆధారపడినవాళ్లుగా అందులో ఉన్నారు. అదే మనిషి నరసన్నపేట దగ్గర హైవే మీద లారీ కింద పడితే కొంచెం వెసులుబాటుంది. మోటారు ప్రమాదాల్లో చట్టబద్ధ ప్రతినిధి అన్న మాటను విశాలంగా చూడాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆ కేసులో చనిపోయినాయన మీద ఆధారపడి బతికిన అత్తగారికీ చోటు దొరికింది. సహచరి తన కేసు నడపడానికి ఆ మాట ఊతమవుతుంది. ఒకే మనిషి, ఒకే చావు. ఎక్కడ పడ్డాడన్నదాన్ని బట్టి హక్కు మారిపోతోంది.

నామినీగా పేరు రాయించాం కదా అని నిబ్బరంగా ఉండేవాళ్లు చాలామంది. నామినీ డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే. యజమాని వారసుడే. షేర్ల విషయంలో 2023 డిసెంబరులోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2008లో ఒక బొగ్గుగని ఉద్యోగి కేసు తీరు చూడండి. కాపురం చేసి నలుగురు పిల్లల్ని కన్న రెండో ఆవిడే నామినీ. డబ్బు తీసుకునే సర్టిఫికెట్టు కోర్టు ఆమె చేతికే ఇచ్చింది. వాటాలు వేసేసరికి మాత్రం ఐదు భాగాలయ్యాయి. నాలుగు పిల్లలకు, ఒకటి మొదటి భార్యకు. కాపురం చేసినామె పేరున వాటా రాలేదు.

దీనికి విరుగుడు ఒక్కటే, అది అందరికీ అందుబాటులో ఉన్నదే. వీలునామా. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్ల కాగితం చాలు. రాసిన మనిషి ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం గాని వేలిముద్ర గాని వేయాలి. వాళ్లిద్దరూ ఆయన ఎదుటే సంతకాలు పెట్టాలి. ఆస్తి రాయించుకుంటున్నామెను గాని, ఆమె తమ్ముణ్ణి గాని సాక్షిగా పెట్టడం తగదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఎప్పుడైనా చేయించుకోవచ్చు. అయినా చేయిస్తేనే మేలు. బంధువులు వచ్చి ఫోర్జరీ అన్నప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వేలిముద్ర అక్కరకొస్తుంది. సొంత సంపాదననే కాదు, ఉమ్మడి ఆస్తిలో తన వాటాను కూడా ఇలా రాయొచ్చు. ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమికి మాత్రం ఈ లెక్క పనిచేయదు. దాన్ని ఇష్టమొచ్చినవాళ్లకు బదిలీ చేయడం మీద 1977 నాటి చట్టం ఆంక్షలున్నాయి. రాయాలనుకునేవాళ్లు పాస్‌పుస్తకం తిరగేసి భూమి ఏ రకందో ముందే చూసుకోవాలి.